సమీర (పేరు)

సమీర తెలుగువారు ఆడపిల్లలకు పెట్టుకునే పేరు. సంస్కృతంలో ఈ మాటకు గాలి అని అర్థం. మగపిల్లలకైతే సమీర్ అంటారు. అచ్చంగా ఇదే ఉచ్చారణతో అరబ్బీలోనూ ఒక ఆడపేరు ఉంది. దానికి గాలితో ఏ సంబంధమూ లేదు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని కబుర్లు చెప్పే నేస్తం అని దాని భావం. రెండు భాషల కుటుంబాలు వేరు, ధాతువులు వేరు, పలుకు మాత్రం ఒక్కటే. మామూలుగా ఇలాంటి పోలిక భాషావేత్తలకు తప్ప ఎవరికీ పట్టదు. అయితే కువైట్‌లో, అందులోనూ ఆసుపత్రులకు పేరున్న జాబ్రియా లాంటి చోట, అది బిడ్డ పుట్టిన వారం నుంచే అక్కరకొస్తుంది.

సంస్కృతంలో

‘ఈర్’ ధాతువుకు కదలడం, కదిలించడం అని అర్థాలు. దానికి ముందు ‘సమ్’ చేరితే సమీర, సమీరణ అనే మాటలు ఏర్పడతాయి. అదే ధాతువుకు ‘ప్ర’ చేరితే ప్రేరణ అవుతుంది. అమరకోశం స్వర్గవర్గంలో వాయువుకు ఇరవై పేర్లు చెప్పారు. అనిల, మారుత, పవన, ప్రభంజన వంటి వాటితో పాటు సమీర, సమీరణ రెండూ ఆ వరుసలో ఉన్నాయి. శరీరంలోని వాయువును కూడా ఈ మాటతో చెప్పడం ఉంది. ఆయుర్వేద వైద్యులు వాత రోగాలకు వాడే సమీరపన్నగ రసం పేరులో ఉన్నది ఆ వాయువే.

పేర్ల పుస్తకాలు సమీరకు ‘పిల్లగాలి’, ‘చల్లని గాలి’ అని అర్థం రాస్తాయి. నిఘంటువుల్లో అంత మెత్తదనం లేదు. అక్కడ సమీరం అంటే ఉత్త గాలే. పిల్లతెమ్మెర అనే భావం విశేషణాల వల్ల వచ్చింది. మంద సమీరం, మలయ సమీరం అని కవులు జంటగా వాడీ వాడీ చివరికి విశేషణం లేకపోయినా ఆ చల్లదనం పేరుకు అంటుకుపోయింది. 12వ శతాబ్దపు జయదేవుడి గీతగోవిందంలో యమున ఒడ్డు వర్ణనల్లో ఈ మాట వస్తుంది. ఆ అష్టపదులు భజన గోష్ఠుల్లో, నాట్య ప్రదర్శనల్లో తెలుగు నేల అంతటా తిరిగాయి కాబట్టి, సంస్కృతం చదవని ఇళ్లలో కూడా సమీరం అనగానే చల్లగాలి తగిలినట్టు ఉండటానికి అదొక కారణం అనుకోవచ్చు.

అంతర్జాలంలోని పేర్ల జాబితాలు మరో అడుగు ముందుకేసి ‘తెల్లవారుజాము సుగంధం’ అని కూడా రాస్తున్నాయి. ఒకరు రాసింది పదిమంది ఎత్తి రాసుకోవడమే తప్ప దీనికి నిఘంటువుల ఆధారం కనపడదు. సువాసన కావాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి ఒకటుంది. అమరకోశం వనౌషధివర్గంలో మరువానికి సమీరణం అని పేరు చెప్పారు. మల్లెల, కనకాంబరాల మధ్య మాలకట్టే మరువమే అది.

సంస్కృత సాహిత్యంలో సమీరుడు పురుషుడు, వాయుదేవుడు. అందుకే హనుమంతుణ్ణి సమీరకుమారుడు, సమీరజుడు అన్నారు. భీముడికీ ఈ వరస చెల్లుతుంది. గాలి నుంచి వచ్చిన పేర్లలో తెలుగువాళ్లు ఎక్కువగా వాడుకున్నవి పవన్, అనిల్, మారుతి. మూడూ మగపిల్లలవే. ఆడపిల్లకు పెట్టే ‘సమీరా’ రూపం ఆధునిక కల్పన. సీతా తెలుగులో సీత అయినట్టే చివరి దీర్ఘం పోయి సమీర అయింది. పిలిచేటప్పుడు ‘సమీరా’ అని ఆ దీర్ఘం మళ్లీ వస్తుంది. కొత్త పేరైనా పాత నియమాలకు చక్కగా సరిపోయింది. ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలని, చివర ఆకారం ఉండాలని పారస్కర గృహ్యసూత్రం అంటుంది. సమీరా మూడక్షరాలు, చివర ఆకారం. ఆడపేరు సులువుగా పలికేలా, దీర్ఘాంతంగా ఉండాలని మనుస్మృతి కోరేది కూడా ఇందులో ఉంది.

అరబ్బీలో

అరబ్బీ పదాలు ఎక్కువగా మూడు హల్లుల మూలం మీద నిలుస్తాయి. సమీరా మూలం సీన్, మీమ్, రా. ఇదే మూలం నుంచి ‘సమర్’ అనే మాట వచ్చింది. రాత్రిపూట గుమిగూడి చెప్పుకునే కబుర్లను సమర్ అంటారు; వెన్నెల నీడ అనే అర్థాన్ని కూడా పాత నిఘంటువులు ఇస్తాయి. అలా కూర్చుని మాట్లాడే తోడు మగవాడైతే సమీర్, ఆడమనిషైతే సమీరా. చామనఛాయను చెప్పే ‘అస్మర్’లోనూ ఈ మూడు హల్లులే ఉన్నాయి.

పగలంతా నిప్పులు చెరిగే ఎడారిలో మనుషులు కలిసి కూర్చునేది రాత్రిళ్లే. కువైటీ ఇళ్లలోని దీవానియా కూటాలు ఈనాటికీ చీకటి పడ్డాకే పుంజుకుంటాయి. కువైట్‌లో, నజ్ద్ ప్రాంతంలో సామ్రీ అనే జానపద కళ ఉంది. దఫ్ వాయిద్యాల లయకు రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చున్న మనుషులు ఊగుతూ పాడతారు. దాని పేరును కూడా సమర్‌తోనే ముడిపెడతారు.

పిల్ల పేరుకు అర్థం గాలి అని తెలుగు తల్లి చెబితే కువైటీ పొరుగావిడకు నసీమా అనే పేరు గుర్తుకొస్తుంది. అరబ్బీలో చల్లగాలి నసీమ్. ఇక కువైట్‌లో వీచే గాలులకు వేరే పేర్లున్నాయి. వేసవిలో వాయవ్యం నుంచి వచ్చేది షమాల్, అది రేపే దుమ్ము తుపాను తోజ్, ఆగ్నేయం నుంచి ఉక్కపోత మోసుకొచ్చేది కోస్. వీటిలో దేన్నీ ఎవరూ కూతురికి పెట్టుకోరు.

అరబ్బు దేశాల్లో సమీరా పేరుతో ప్రసిద్ధులు చాలామందే ఉన్నారు. ఈజిప్టు అణుశాస్త్రవేత్త సమీరా మూసా (1917–1952), 1958లో పుట్టిన మొరాకో గాయని సమీరా సయీద్ వారిలో ఇద్దరు. ఇరాన్‌లో సినీ దర్శకురాలు సమీరా మఖ్మల్‌బాఫ్ ఉన్నారు. అయితే అరబ్బులకు ఇది ఇప్పుడు కొత్త పేరు కాదు, పెద్దవాళ్ల పేరు. మనవైపు ఈరోజు పుట్టిన పిల్లకు సరోజ అని పెడితే ఎలా ఉంటుందో, కువైటీ నర్సుకు ఉయ్యాలలోని సమీర అలా వినిపిస్తుంది.

జాబ్రియా, తెలుగువారు

జాబ్రియా కువైట్ నగరానికి దక్షిణాన, హవల్లీ గవర్నరేటులో, నాలుగో ఐదో రింగు రోడ్ల మధ్య ఉన్న నివాస ప్రాంతం. ఉత్తరాన హవల్లీ, దక్షిణాన బయాన్, పశ్చిమాన సుర్రా. ముబారక్ అల్ కబీర్ ప్రభుత్వ ఆసుపత్రి, దాని పక్కనే కువైట్ విశ్వవిద్యాలయపు వైద్య విభాగం, కేంద్ర రక్తనిధి ఇక్కడే ఉన్నాయి. ప్రసూతి సేవలకు పేరున్న రాయల్ హయాత్ వంటి ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉన్నాయి. భారతీయ సంఘాలు పెట్టే రక్తదాన శిబిరాల వల్ల చాలామందికి జాబ్రియా అంటే రక్తనిధే. అరబ్బీ రాతప్రతులకు, చేతిరాత కళకు ప్రసిద్ధి చెందిన తారెక్ రజబ్ మ్యూజియం కూడా ఈ వీధుల్లోనే, ఒక ఇంటి నేలమాళిగలో ఉంది.

కువైట్‌లోని విదేశీయుల్లో భారతీయులదే పెద్ద సంఖ్య, సుమారు 10 లక్షలు. వారిలో తెలుగువారు ఎక్కువగా రెండు వైపుల నుంచి వచ్చినవారు: కడప, రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతం ఒకటి, కోనసీమ నుంచి నరసాపురం దాకా గోదావరి ప్రాంతం ఇంకొకటి. తెలుగు కళా సమితి వంటి సంఘాలు పండగలు జరుపుతాయి. అయితే తెలుగువాళ్లందరి బతుకూ ఒక్కలా ఉండదు, పేరు పెట్టే చోట ఆ తేడా బాగా కనిపిస్తుంది. జాబ్రియా విల్లాల్లో వంటపని, ఇంటిపని చేసేవారికి, కారు డ్రైవర్లకు ఉండే గృహ కార్మిక వీసా మామూలుగా కుటుంబాన్ని తెచ్చుకోనివ్వదు. 2024లో కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు కనీస జీతం 800 దినార్లుగా పెట్టారు. ఆ అంకె ఇంజనీర్లకు, డాక్టర్లకు, ఆయిల్ కంపెనీ ఉద్యోగులకు అందుతుంది, వంటామెకు అందదు. కాబట్టి కువైట్‌లో పుట్టి పేరు పెట్టించుకునే తెలుగు సమీర సాధారణంగా ఉద్యోగస్థుల పిల్ల. పనివాళ్ల పిల్లలు ఊళ్లోనే పుడతారు. తండ్రో తల్లో జాబ్రియాలోని పనివాళ్ల గదిలో కూర్చుని వీడియో కాల్‌లో బారసాల చూస్తారు. వాళ్లు పనిచేసే ఇంటి పెద్దావిడ పేరు సమీరా అయినా వింత లేదు. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవరు, ‘మామా’ అంటారు.

కువైట్‌లో జరిగే బారసాలకు ఇరవయ్యొకటో రోజు కంటే శుక్రవారం ముఖ్యం. 2007 నుంచి అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ముహూర్తం బుధవారం ఉన్నా చుట్టాలూ స్నేహితులూ వచ్చేది శుక్రవారమే. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయించి, పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పించడం మాత్రం అపార్ట్‌మెంటు హాల్లోనూ తప్పదు.

నక్షత్రం చిక్కు

పంచాంగంలోని అవకహడ చక్రం ప్రకారం శతభిషం నాలుగు పాదాలకు గో, సా, సీ, సూ అక్షరాలు. పేరు మొదట్లో హ్రస్వమున్నా దీర్ఘమున్నా పురోహితులు పట్టింపు పెట్టుకోరు గనుక ‘స’తో మొదలయ్యే సమీర శతభిషం రెండో పాదానికి సరిపోతుంది. రాశి కుంభం.

కువైట్ గడియారం మన దేశం కంటే రెండున్నర గంటలు వెనక. తెలుగు పంచాంగంలో వేసిన ఘడియలు భారత కాలమానానివి. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు, ఒక పాదం దాటడానికి ఆరు గంటలు పడుతుంది. ఒకనాడు శతభిషం రెండో పాదం మన లెక్కలో అర్ధరాత్రి 12 గంటలకు ముగుస్తుందనుకుందాం. జాబ్రియా ఆసుపత్రిలో రాత్రి 10 గంటలకు పిల్ల పుట్టింది. ఫోనులో ‘రాత్రి పదింటికి’ అని విన్న రాజంపేట అమ్మమ్మ పంచాంగం తిప్పి రెండో పాదమే, ‘సా’ అక్షరం, సమీర అని పెట్టండి అంటుంది. పిల్ల పుట్టేసరికి రాజంపేటలో పన్నెండున్నర అయింది. మూడో పాదం మొదలైపోయింది. రావలసిన అక్షరం ‘సీ’. తారీఖు కూడా మారింది: జనన పత్రంలో ఒక తేదీ, మన క్యాలెండర్లో మర్నాటి తేదీ.

తెలిసిన పురోహితుడు పుట్టిన ఊరి కాలాన్ని మార్చుకుని లెక్క కడతాడు. తెలియక పెట్టినా కొంప మునగదు. జన్మనామం ఒకటి, వాడుక పేరు ఇంకొకటి పెట్టుకునే ఆచారం మనకు ఎప్పటినుంచో ఉంది.

కాగితాల మీద

కువైట్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ జనన పత్రంలో పేరు అరబ్బీలో ఉంటుంది. తర్వాత వచ్చే సివిల్ ఐడీ మీద, అంటే మనవాళ్లు ‘బతాకా’ అనే కార్డు మీద కూడా, అరబ్బీ రూపం తప్పదు. తెలుగు పేర్లకు అసలు పరీక్ష ఇక్కడే. అరబ్బీ లిపిలో ‘ప’ లేదు, దాని బదులు ‘బ’ రాస్తారు. ‘చ’ లేదు, ‘త’, ‘ష’ కలిపి నెట్టుకొస్తారు. ట, డ, ణ, ళ లేవు. ‘వ’కు ఉన్న అక్షరం పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది, అందుకే కొందరు గుమాస్తాలు ‘ఫ’ వేస్తారు. పల్లవి బల్లఫీ కావచ్చు, చైత్ర తషైత్రా కావచ్చు. బడిలో, ఆసుపత్రిలో, విమానాశ్రయంలో ఆ రాతను చూసి పిలిచే పేరుకు పిల్ల పలకదు.

సమీరకు ఆ ఇబ్బంది లేదు. సీన్, మీమ్, యా, రా, చివర ఆడపేర్లకు వచ్చే తా మర్బూతా. ఐదక్షరాలు, ప్రతి గుమాస్తాకూ చేతికి అలవాటైనవి. ‘మీ’లోని దీర్ఘం కూడా ‘యా’ వల్ల అలాగే నిలుస్తుంది. తప్పు జరిగితే ఒకే రకంగా జరుగుతుంది: విదేశీ పేరు కదా అని ఇంగ్లీషు స్పెల్లింగు చూసి అక్షరానికి అక్షరం దింపేటప్పుడు సీన్ పక్కన అలిఫ్ చేరిస్తే ‘సామీరా’ అవుతుంది. పత్రం చేతిలోకి తీసుకోగానే రెండో అక్షరం నిలువు గీతా కాదా అని చూసుకుంటే చాలు. అరబ్బీ చదవడం రానివాళ్లు కూడా పోల్చుకోగల తేడా ఇది.

ఇంగ్లీషు స్పెల్లింగుతో వచ్చే తలనొప్పి ఎక్కువ. తెలుగువాళ్లు ‘మీ’ కోసం రెండు ‘ఈ’లు రాస్తారు, అరబ్బులు ఒక ‘ఐ’తో సరిపెడతారు. ఆసుపత్రి కాగితంలో ‘ఐ’, పాస్‌పోర్టు దరఖాస్తులో రెండు ‘ఈ’లు పడితే ఆ రెండూ ఒకరివేనని తర్వాత రుజువు చేసుకుంటూ తిరగాలి. మొదటి కాగితం మీదే స్పెల్లింగు తేల్చుకోవడం మంచిది. ఇంటిపేరు సంగతి మరొకటి. అరబ్బు పద్ధతిలో పిల్ల పేరు, తండ్రి పేరు, తాత పేరు, వంశం పేరు వరసగా వస్తాయి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వచ్చి, తరచూ ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో తండ్రి పేరు ఎలా ఉంటే పిల్ల కాగితాల్లోనూ అలాగే నడుస్తుంది.

కువైట్‌లో పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. 1959 నాటి చట్టం తండ్రి పౌరసత్వాన్ని బట్టి ఇస్తుంది. భారత పౌరసత్వ చట్టం, 1955లోని నాలుగో సెక్షను ప్రకారం విదేశంలో పుట్టిన పిల్లల జననాన్ని ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. మన దేశంలో పేరు లేకుండానే జననం నమోదు చేసి, పేరు తర్వాత చేర్చుకునే వీలు 1969 చట్టం ఇచ్చింది. విదేశంలో పాస్‌పోర్టు, ఆపైన అకామా (నివాస అనుమతి) గడువులు తరుముతుంటాయి కనుక, పేరు బారసాల కంటే ముందే కాగితం మీద తేలిపోతుంది. బియ్యంలో రాసేది అప్పటికే ప్రభుత్వం రాసేసిన పేరు.

ప్రాచుర్యం

మన దేశంలో ఏటా పుట్టిన పిల్లల పేర్ల పట్టికను ప్రభుత్వం ప్రచురించదు. కాబట్టి సమీర ఎన్నో స్థానంలో ఉందని అంకెలు వేసే వెబ్‌సైట్లను నమ్మనక్కరలేదు. అమెరికా సామాజిక భద్రతా సంస్థ 1880 నుంచి పేర్ల వివరాలు ఇస్తుంది. అక్కడి మొదటి వెయ్యి పేర్లలో ‘ఐ’తో రాసే సమీరా కనిపిస్తుంది. అయితే అందులో అరబ్బు, ఇరానీ, ఆఫ్రికా కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు, దాన్ని సంస్కృత నామం ఖాతాలో వేసుకోకూడదు.

తెలుగునాట దేవుళ్ల పేర్లు, తాతమ్మల పేర్లు వదిలి మూడక్షరాల సంస్కృత పేర్ల మీద మోజు పెరిగిన కాలం ఒకటుంది. 1970, 80లలో వారపత్రికల సీరియళ్లు, నవలలు ఇంటింటికీ చేరాయి. కథానాయికల పేర్లు వాటితో పాటు ఉయ్యాలల్లోకి వచ్చాయి. సమీర ఆ గాలికి వచ్చిన పేరు. 2005లో నరసింహుడు, జై చిరంజీవ, మరుసటి ఏడాది అశోక్ సినిమాల్లో నటించిన సమీరా రెడ్డి వల్ల పేరు ఇంకొంచెం వినపడింది. తర్వాతి కాలంలో ఆద్య, సాన్వి, అన్విక వంటి పేర్ల ఉప్పెనలో సమీర వెనకబడింది. నిజానికి అదే దాని బలం అని చెప్పుకోవచ్చు. ఒకే తరగతిలో నలుగురు సాన్విలు ఉన్నచోట సమీర ఒక్కతే ఉంటుంది.

రాయలసీమలో ఈ పేరుకు ఇంకో సంగతి ఉంది. కడప, రాయచోటిలలో ముస్లిం జనాభా ఎక్కువ. సమీరా వాళ్ల పేరు కూడా, అరబ్బీ అర్థంతో, ఉర్దూ పలుకుబడితో. ఒకే వీధిలో ఇద్దరు సమీరలుంటే ఒకరు వాయువు పేరుతో, ఇంకొకరు వెన్నెల రాత్రి కబుర్ల పేరుతో ఉండొచ్చు. బడి హాజరు పట్టీలో ఇద్దరికీ రాత ఒకటే. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లిములు వచ్చి మొక్కుకునే ఊళ్లో దీన్ని ఎవరూ విశేషంగా చెప్పుకోరు. కువైట్ వెళ్లిన కడప వాళ్లు ఈ రెండు ముఖాల పేరును అక్కడ కొత్తగా కనిపెట్టలేదు, ఊరి నుంచే తెచ్చుకున్నారు.

ఇటువంటి పేర్లు

సమీర ఒక్కటే ఇలా కలవలేదు. సంస్కృతంలో అమల అంటే మలినం లేనిది. అరబ్బీలో అమల్ అంటే ఆశ. లీన మనకు కలిసిపోయినది, ఐక్యమైనది. అరబ్బీలో లీనా ఒక రకం ఖర్జూరపు చెట్టు, ఖురాన్‌లో వచ్చిన మాట. దాన మనకు ఇవ్వడం. కువైటీలకు దానా అంటే సముద్రంలో దొరికే పెద్ద ముత్యం, ముత్యాల వేట మీద బతికిన రోజుల నుంచి వాళ్లు ఆడపిల్లలకు పెట్టుకుంటున్న పేరు. మనవాళ్లు దాన అని మాత్రం పెట్టుకోరు.

దీనికి తలకిందులుగా, మన దగ్గర ముచ్చటైన కొన్ని పేర్లు అరబ్బీ చెవిలో పచ్చి బూతులుగా పడతాయి. పువ్వు అని అర్థం వచ్చే మూడక్షరాల పాత పేరు ఒకటి అందులో ముందు వరసలో ఉంటుంది. ఇక్కడ వివరించడం మర్యాద కాదు. ఆ పేరున్న తెలుగు స్త్రీలు కువైట్ ఆఫీసుల్లో ఇంటిపేరుతోనో ముద్దుపేరుతోనో నెట్టుకొస్తుంటారు. అందుకే అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు నక్షత్రం చూపించుకున్నాక, ఆసుపత్రి కాగితం నింపే ముందు, అనుకున్న పేరును అరబ్బీ బాగా వచ్చిన సహోద్యోగి ఎవరికైనా ఒకసారి వినిపిస్తాయి.